కొత్త ఇంగ్లీష్ టీచర్: ఏ దారిలో శిక్షణ, ఏ బడిలో ఉద్యోగం?

హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ కోర్సు చేస్తే మంచిది?" అని. అడగాల్సిందే, కానీ అది సగం ప్రశ్న. మిగతా సగం "ఉద్యోగంలో చేరాక మొదటి రెండేళ్లు నాకు ఎవరు తోడుంటారు?" అన్నది. దీన్ని దాదాపు ఎవరూ అడగరు. మంచి కాలేజీలో చదివి, మొదటి ఏడాదిలోనే విసిగి మానేసినవాళ్లున్నారు. సాదాసీదా కోర్సు చేసి, మంచి స్టాఫ్‌రూమ్‌లో పడి నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఇక్కడ రెంటినీ పోలుస్తున్నాను: చేరకముందు తీసుకునే శిక్షణ దారులు, చేరాక బడి ఇచ్చే సాయాలు.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. సర్టిఫికెట్ మీద ఏ పేరుందో అంతగా పట్టించుకోను. అనుభవమున్న ఇంగ్లీష్ టీచర్ పక్కన కూర్చుని, ఆ టీచర్ చేస్తున్నది చూస్తూ, మీరు చేసింది ఆ టీచర్ చూస్తూ ఎన్ని గంటలు గడుస్తాయన్నదే నాకు ముఖ్యం. ఇంగ్లీష్ టీచర్ అని ఊరికే అనలేదు. ఎందుకో కిందకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

చూసిన పాఠాలే చెప్తాం

అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ఒక మాట చెప్పారు. ఇంకే ఉద్యోగానికీ లేని విచిత్రం టీచరు ఉద్యోగానికి ఉంది: చేరేనాటికే దాన్ని వేల గంటలు చూసి ఉంటాం. స్కూలు చదువు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి టీచర్ల ఎదుట సుమారు 13,000 గంటలు కూర్చుంటాడని ఆయన లెక్క. చిక్కేమిటంటే, బెంచీ మీద నుంచి కనిపించేది పాఠం చెప్పడం ఒక్కటే. ఆ పాఠం ముందు రాత్రి ఎలా తయారైంది, మూడో వరుసలో కూర్చున్న అమ్మాయిని ఆ రోజు కావాలని ఎందుకు అడగలేదు, తప్పు జవాబు వచ్చినా టీచర్ ఎందుకు సరిదిద్దకుండా వదిలేశారు అన్నవి కనబడవు.

అందుకే కంగారులో ఉన్న కొత్త టీచర్, తను చదువుకున్న రోజుల్లో ఎలా విన్నాడో అలాగే చెప్పేస్తాడు. పాఠం గట్టిగా చదవడం, లైను లైనుకీ మాతృభాషలో అర్థం చెప్పడం, చివర్లో ప్రశ్న జవాబులు డిక్టేట్ చేయడం. పిల్లలకు పాఠంలోని కథ అర్థమవుతుంది, ఇంగ్లీష్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. శిక్షణ కోర్సుకు నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే: ఈ పాత అలవాటును కదిలించేంత బలం దానికి ఉందా? సిద్ధాంతాల నోట్సుకు ఆ బలం లేదు. ఒక తరగతిని చూసి, ఒక తరగతి చెప్పి, దాని గురించి ఎవరితోనైనా కూర్చుని మాట్లాడి, మళ్లీ చెప్తే కొంత కదులుతుంది.

శిక్షణ దారులు

*యూనివర్సిటీ కోర్సు, అందులో ప్రాక్టీస్ టీచింగ్.* ఎక్కువమంది వచ్చే దారి ఇదే. బాగా నడిచినచోట దీన్ని మించింది లేదనే అంటాను. ఫిన్లాండ్‌లో 1970ల చివర్లో వచ్చిన సంస్కరణలతో టీచర్లకు మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి అయింది. ప్రాక్టీస్ కోసం యూనివర్సిటీలకు అనుబంధంగా ప్రత్యేక స్కూళ్లే ఉన్నాయి. అక్కడి టీచర్లకు ట్రైనీలను గమనించి దారి చూపించడం కూడా ఉద్యోగంలో భాగం. అన్ని కోర్సులూ ఇలా ఉండవు. చాలాచోట్ల ప్రాక్టీస్ టీచింగ్ అంటే రికార్డులు రాయడం, రంగురంగుల చార్టులు అంటించడం, చివరి రోజున పరీక్షకుల ముందు బాగా రిహార్సల్ చేసిన పాఠం ఒకటి చెప్పడం.

కాబట్టి కోర్సులో చేరేముందు సిలబస్ అడగకండి, పాత విద్యార్థిని పట్టుకుని ఒకటే అడగండి: "నీ ప్రాక్టీస్ పాఠాల్లో ఎన్నింటికి ఇంగ్లీష్ మెథడ్ చెప్పే లెక్చరర్ చివరిదాకా కూర్చుని, తర్వాత నీతో మాట్లాడారు?" ఆ జవాబు బట్టి ఆ కాలేజీ ఎలాంటిదో తేలిపోతుంది.

మైక్రోటీచింగ్ మాట కూడా ఇక్కడే. 1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ ఆలెన్ బృందం దీన్ని రూపొందించింది. ఒక్క నైపుణ్యం తీసుకుని, కొద్దిమంది పిల్లలకు ఐదు పది నిమిషాలు చెప్పి, చర్చించి, మళ్లీ చెప్పడం. మొదట్లో నిజమైన స్కూలు పిల్లలనే కూర్చోబెట్టేవారు. తర్వాత చాలా కాలేజీల్లో తోటి ట్రైనీలే పిల్లల వేషం కట్టడం మొదలైంది. పాతికేళ్లవాడు ఎనిమిదో తరగతి పిల్లాడిలా నటిస్తూ "మే ఐ కమిన్ సార్" అంటుంటే నవ్వు తప్ప నేర్చుకునేది తక్కువ. అయినా ఒకటి రెండు పనులకు అది పనికొస్తుంది. సూచనలు చిన్న వాక్యాల్లో ఇవ్వడం, ప్రశ్న అడిగి మూడు క్షణాలు ఆగడం లాంటివి.

*రెసిడెన్సీ.* డాక్టర్లకున్నట్టే టీచర్లకూ: ఏడాది పొడవునా ఒకే స్కూల్లో, ఒకే అనుభవజ్ఞుడైన టీచర్ తరగతిలో ఉంటూ, కోర్సు పని పక్కన చేసుకోవడం. అమెరికాలో బోస్టన్ టీచర్ రెసిడెన్సీ 2003లో ఈ పద్ధతిలోనే మొదలైంది. దీనిలో గొప్ప ఏమిటంటే, విద్యా సంవత్సరం మొత్తం కళ్ల ముందు జరుగుతుంది. మొదటి వారం తరగతిని ఎలా కుదుటపరిచారు, పరీక్షల ముందు పాఠాలు ఎలా కుదించారు, ఆరు నెలలు నోరు విప్పని కుర్రాడు చివరికి ఎప్పుడు మాట్లాడాడు అన్నవన్నీ కొన్ని వారాల ప్రాక్టీసులో కనబడవు. లోటూ ఉంది. మీ ఏడాదంతా ఒక్క మనిషి మీద ఆధారపడుతుంది. ఆ టీచర్ మంచి పాఠం చెప్పేవారై కూడా, తను చేసేది ఎందుకు చేస్తున్నారో మాటల్లో చెప్పలేకపోతే, మీకు మిగిలేది అనుకరణే. ఆ ఏడాది పూర్తి జీతం ఉండదు, అదీ చూసుకోవాలి. ఇంటి పరిస్థితి ఒప్పుకుంటే నేను మొదట సూచించేది ఈ దారే.

*నేరుగా ఉద్యోగం, ముందు కొద్ది వారాల శిక్షణ.* వెండీ కోప్ ప్రారంభించిన టీచ్ ఫర్ అమెరికా మొదటి బ్యాచ్ 1990లో తరగతుల్లోకి వెళ్లింది. వేసవిలో కొన్ని వారాల శిక్షణ, ఆపై రెండేళ్లు బోధన. ఇదే నమూనాలో తర్వాత చాలా దేశాల్లో కార్యక్రమాలు వచ్చాయి. చురుకైనవాళ్లను వేగంగా తరగతిలోకి తెస్తుందన్నది నిజమే. అయితే ఇంగ్లీష్ విషయంలో నాకు ఒక జంకు. లెక్కల్లో ఈ అధ్యాయం వచ్చాక ఆ అధ్యాయం అని ఒక వరుస ఉంటుంది. ఇంగ్లీష్ తరగతిలో నలభై మంది నలభై మెట్ల మీద ఉంటారు. ఒకరికి నవల చదివే సత్తా ఉంటే, పక్కనే ఉన్నవాడికి వాక్యం కూడబలుక్కోవడమే కష్టం. ఈ తేడాను అంచనా వేయడం కొద్ది వారాల్లో వచ్చేది కాదు. ఈ దారిలో వెళ్లేవాళ్లు కార్యక్రమం పేరు చూసి మురిసిపోకుండా, తమను పంపే స్కూల్లో ఇంకో ఇంగ్లీష్ టీచర్ ఉన్నారా లేదా తెలుసుకోవాలి. లేకపోతే నేనైతే వద్దంటాను.

*భాషా బోధన సర్టిఫికెట్లు.* కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా అందరికీ తెలిసిన ఉదాహరణ. సుమారు 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. పొట్టిది, గట్టిది. దీని బలం భాషను విప్పి చూపించడంలో ఉంది. సాహిత్యంలో ఎంఏ చేసినవాళ్లకు ఇది ఎంత అవసరమో ఒక్క వాక్యంతో చూద్దాం. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పని అందరికీ తెలుసు. ఎందుకు తప్పు? "అలా అనరు" అన్నది జవాబు కాదు. 'యెస్టర్‌డే' అనగానే ఆ సమయం ముగిసిపోయిందని చెప్పేశాం. 'హావ్ సీన్' మాత్రం ఇప్పటికీ తెరిచే ఉన్న సమయం గురించి చెప్పేది. రెండూ ఒక వాక్యంలో ఇమడవు. బోర్డు మీద ఒక గీత గీసి, ఆ గీత మీద నిన్న ఎక్కడుందో ఇప్పుడు ఎక్కడుందో చూపిస్తే పదమూడేళ్ల పిల్లకు నిమిషంలో తెలుస్తుంది. షేక్‌స్పియర్ మీద గంటసేపు మాట్లాడగలిగినవాళ్లు కూడా ఈ గీత గీయలేక తడబడతారు.

కానీ ఆ సర్టిఫికెట్ ప్రధానంగా పెద్దవాళ్లకు, చిన్న తరగతులకు ఉద్దేశించింది. ఇష్టపడి నేర్చుకోవడానికి వచ్చిన పన్నెండు మంది పెద్దవాళ్లకూ, భోజనం తర్వాత పీరియడ్‌లో కిటికీ వైపు చూస్తున్న నలభై మంది పిల్లలకూ పోలికే లేదు. సిలబస్ ఒత్తిడి, బోర్డు పరీక్ష, తల్లిదండ్రులు, ఇవేవీ అందులో ఉండవు. కాబట్టి దీన్ని అసలు కోర్సుకు తోడుగా తీసుకోండి, బదులుగా కాదు. చాలాచోట్ల హైస్కూల్ ఉద్యోగానికి అది ఒక్కటే ఉంటే సరిపోదు కూడా.

అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో చెప్పిన మాట ఈ నాలుగు దారులకూ గీటురాయిగా పనికొస్తుంది. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధించడం తెలియడం ఒకటి, ఈ రెండూ కలిసేచోట మూడోది ఇంకొకటి ఉంది: ఈ సబ్జెక్టు పిల్లల బుర్రలో ఎక్కడెక్కడ మెలిక పడుతుందో తెలియడం. మీ కోర్సు ఈ మూడోదానికి ఎంత సమయం ఇస్తుందో చూసుకోండి.

చేరాక: ఏ సాయం దేనికి?

అమెరికా విద్యా పరిశోధకురాలు ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లో కొత్త టీచర్ల దిగుళ్లను గమనించి, వాటికి ఒక క్రమం ఉందన్నారు. మొదట తన గురించే: పిల్లలు నా మాట వింటారా, హెడ్మాస్టర్ ఏమనుకుంటారు. తర్వాత పని గురించి: సిలబస్ ఎలా పూర్తి చేయాలి, దిద్దడం ఎప్పుడు. ఆ తర్వాతే, నేను చెప్పింది ఈ పిల్లకు నిజంగా అందిందా అన్న ఆలోచన. ఈ క్రమం అందరికీ అచ్చుగుద్దినట్టు వర్తించదని తర్వాతివాళ్లు అన్నారు, అదీ నిజమే. అయినా మొదటి నెలలో కొత్త టీచర్‌ని కూర్చోబెట్టి "విద్యార్థి కేంద్రిత బోధన" మీద వర్క్‌షాప్ పెట్టేవాళ్లకు ఈ విషయం ఎవరైనా చెప్పాలి. ఆ వారం ఆ మనిషికి కావాల్సింది అటెండెన్స్ రిజిస్టర్ ఎక్కడుంటుంది, గోల చేసే తరగతిని ఎలా కూర్చోబెట్టాలి అన్నవే.

*వర్క్‌షాపులు.* బళ్లు ఎక్కువగా ఇచ్చేది ఇదే, కారణం సులువుగా ఇవ్వొచ్చు గనక. ఒక రోజు, ఒక హాలు, ఒక ప్రొజెక్టర్. తరగతి గదికి దాన్ని మోసుకెళ్లేవాళ్లు తక్కువ. దీనికోసం బడిని ఎంచుకోవద్దు.

*మెంటర్.* అంటే కొత్తవాళ్లకు తోడుండి దారి చూపే అనుభవమున్న టీచర్. దీని మీద పరిశోధనలు చాలానే ఉన్నాయి. థామస్ స్మిత్, రిచర్డ్ ఇంగర్‌సోల్ 2004లో అమెరికా టీచర్ల సమాచారం పరిశీలించి తేల్చింది: అదే సబ్జెక్టు చెప్పే మెంటర్ ఉన్నవాళ్లు, తోటి టీచర్లతో కలిసి పాఠాలు తయారుచేసుకునే సమయం ఉన్నవాళ్లు మొదటి ఏడాది చివర్లో ఉద్యోగం వదిలే అవకాశం తక్కువ. మెంటర్ అన్న పేరు ఎవరికైనా పెట్టొచ్చు. సైన్స్ టీచర్ మెంటర్ అయితే క్లాస్ కంట్రోల్ గురించీ, తల్లిదండ్రులతో మాట్లాడడం గురించీ చక్కగా చెప్తారు. పిల్లాడి కాంపోజిషన్ ముందు పెడితే మాత్రం ఆయనా మీలాగే చూస్తారు.

అలాంటి కాంపోజిషన్ ఒకటి చూద్దాం. ఎనిమిదో తరగతి పిల్లాడు ఇలా రాశాడనుకోండి: "లాస్ట్ సండే ఐ గో టు మై అంకుల్ హౌస్. దేర్ ఐ సీ వన్ బిగ్ డాగ్. హీ ఈజ్ బార్కింగ్ అండ్ ఐ వాజ్ రన్. మై అంకుల్ సే డోంట్ ఫియర్."

కొత్త టీచర్ ఎర్ర పెన్ను తీసుకుని ఎనిమిది చోట్ల దిద్దుతాడు. కాగితం నెత్తురోడుతుంది, కింద "బీ కేర్‌ఫుల్" అని రాస్తాడు. పిల్లాడు మార్కు చూసి పేజీ తిప్పేస్తాడు. పక్కన ఇంగ్లీష్ మెంటర్ ఉంటే పెన్ను పక్కన పెట్టించి అడుగుతారు: "ఈ ఎనిమిదిలో ఎన్ని ఒకటే తప్పు?" లెక్కపెడితే ఐదు. గో, సీ, ఈజ్ బార్కింగ్, వాజ్ రన్, సే. అన్నీ జరిగిపోయిన కాలానివే. తర్వాత ఇంకో ప్రశ్న: "మిగతా నాలుగింటికీ, 'వాజ్ రన్'కూ తేడా ఏమిటి?" అక్కడ కొత్త టీచర్ ఆగుతాడు. 'వాజ్ రన్' తెలియక రాసింది కాదు. జరిగిపోయినదానికి ఏదో మార్చాలని పిల్లాడికి తెలుసు. 'వాజ్' పెడితే గతమైపోతుందని వాడే ఒక సూత్రం కట్టుకున్నాడు. అది తప్పు సూత్రమే, అయినా సూత్రమే. అలా రాసినవాళ్లు తరగతిలో ఇంకెంతమంది ఉన్నారో చూస్తే, రేపటి పాఠంలో పది నిమిషాలు ఏం చేయాలో తేలిపోతుంది. మిగతా మూడు తప్పులూ ఈ వారం వదిలేయొచ్చు. పైగా, కుక్క మొరిగింది, వీడు పరుగెత్తాడు, మామయ్య భయపడకు అన్నాడు. కథ నడిచింది. ఆ మాట ముందు చెప్పాలి.

ఈ సంభాషణకు పావుగంట చాలు. దీన్ని లెక్కల టీచర్ నడపలేరు. మెంటర్ ఇంగ్లీష్ టీచరే కావాలన్న నా పట్టుదలకు ఇదే కారణం.

ప్రతి తప్పూ దిద్దాలా అన్నదాని మీద పండితుల్లోనూ తగువుంది. జాన్ ట్రస్కాట్ 1996లో రెండో భాష రచనలో గ్రామర్ తప్పులు దిద్దడం దండగ, దిద్దకపోవడమే మేలని వాదించారు. డానా ఫెరిస్ 1999లో, ఎంచుకుని స్పష్టంగా దిద్దితే ఉపయోగముందని జవాబిచ్చారు. ఇద్దరిలో ఎవరి పక్షం తీసుకున్నా, అన్నీ దిద్దడం మాత్రం ఇద్దరి వాదనలోనూ నిలవదు. కొత్త టీచర్లకు ఇది ముందే తెలిస్తే ఎన్నో రాత్రులు నిద్ర దక్కుతుంది.

మెంటర్ ఉన్నంత మాత్రాన అంతా బాగైపోతుందని కూడా అనను. అమెరికా విద్యాశాఖ కోసం జరిపిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. గట్టి మెంటర్ సాయం పొందిన కొత్త టీచర్లకూ, మామూలు సాయం పొందినవాళ్లకూ ఉద్యోగంలో నిలబడడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే రెండేళ్లపాటు సాయం అందినవాళ్ల విద్యార్థులు మూడో ఏడాదికి మెరుగైన ఫలితాలు చూపారు. ఇందులో నాకు ఉపయోగపడిన పాఠం ఒకటే. ఒక ఏడాదితో ఆపేసే మెంటర్ ఏర్పాటు కన్నా, తక్కువ హడావిడితో రెండేళ్లు సాగేది ఎంచుకోండి.

*తేలికైన టైమ్‌టేబుల్.* ఇంగ్లండ్‌లో 2021 నుంచి కొత్త టీచర్లకు రెండేళ్ల సహాయ కాలం ఉంది. మొదటి ఏడాది టైమ్‌టేబుల్‌లో 10 శాతం, రెండో ఏడాది 5 శాతం తగ్గిస్తారు. దాంతోపాటు మెంటర్. స్కాట్లాండ్‌లో 2002 నుంచి, అర్హత పొందినవాళ్లకు ఒక ఏడాది ఉద్యోగం హామీగా ఇచ్చి, తరగతి గంటలు తగ్గించే పథకం ఉంది. ఇలా రూలుగా ఉన్నచోట అదృష్టమే. లేనిచోట మీరే అడగాలి. అయితే ఏమడగాలో తెలుసుకుని అడగాలి.

లెక్క వేద్దాం. మీకు ఐదు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది, వారానికి ఆరేసి పీరియడ్లు. మొత్తం 30 పీరియడ్లు, 200 నోట్‌బుక్కులు. కాంపోజిషన్‌కు ఐదు నిమిషాలు పట్టినా 1,000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. పది శాతం తగ్గించారంటే వారానికి మూడు పీరియడ్లు మిగిలాయి, అంటే రెండు గంటల పైచిలుకు. మంచిదే, కానీ నోట్‌బుక్కులు 200 అలాగే ఉన్నాయి. దానికి బదులు ఒక సెక్షన్ మొత్తం తీసేయమని అడిగితే పీరియడ్లు ఆరు తగ్గుతాయి, నోట్‌బుక్కులు 40 తగ్గుతాయి. పైన చెప్పినట్టు ఒక్క తప్పు మీదే దృష్టి పెట్టి, కాంపోజిషన్‌కు రెండు నిమిషాలతో సరిపెట్టుకోగలిగితే, మిగిలిన 160కి ఐదు గంటల 20 నిమిషాలు. ఇది మనిషి చేయగలిగే పని.

మిగతా సబ్జెక్టుల వాళ్లతో సమానంగా పీరియడ్లు పంచామని బడి అనుకుంటుంది. ఇంగ్లీష్ టీచర్ బరువు పీరియడ్లలో కన్నా నోట్‌బుక్కుల దొంతరలోనే ఎక్కువ. ఎన్ని తరగతులకు వేర్వేరుగా తయారవ్వాలన్నది కూడా చూడాలి. ఎనిమిదో తరగతివే నాలుగు సెక్షన్లు చెప్పడం, ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగు తరగతులు చెప్పడం ఒకటి కాదు. మొదటిదానిలో సోమవారం చెడిన పాఠాన్ని మంగళవారం ఇంకో సెక్షన్‌లో బాగుచేసుకోవచ్చు. కొత్తవాళ్లకు అంతకన్నా మంచి శిక్షణ లేదు. దానికి ఖర్చూ లేదు, టైమ్‌టేబుల్ వేసే సారు మనసు పెట్టాలంతే. జరిగేది తరచూ తిరగబడి ఉంటుంది: సీనియర్లకు ఇష్టమైన సెక్షన్లు, మిగిలిన గోల తరగతులన్నీ కొత్తగా చేరినవాళ్లకు.

*రెడీమేడ్ లెసన్ ప్లాన్లు.* కొన్ని బళ్లు ఏడాదికి సరిపడా ప్లాన్లు చేతికిస్తాయి. కొన్ని "మీ సృజన మీ ఇష్టం" అని వదిలేస్తాయి. రెండోది వినడానికి గౌరవంగా ఉంటుంది, మొదటి టర్మ్‌లో మాత్రం గాలికొదిలేయడమే. నా ఓటు ప్లాన్లు ఇచ్చే బడికే, ఒక షరతు మీద: వాటిని మార్చుకునే స్వేచ్ఛ ఉండాలి. మొదటి టర్మ్ ఉన్నవే వాడండి, వారానికి ఒక్క పాఠం మాత్రం మీరే తయారుచేయండి. అక్షరం మారిస్తే తప్పు పట్టే బడి అయితే, రెండేళ్ల తర్వాత కూడా మీకు పాఠం తయారుచేయడం రాదు.

*పాఠం గమనించడానికి వచ్చేవాళ్లు.* వచ్చేది సాయం చేయడానికా, మార్కులు వేయడానికా అన్నది మొదటే తేలాలి. ఇంగ్లండ్ ఏర్పాటులో మెంటర్ వేరు, అంచనా వేసి నివేదిక రాసేవారు వేరు. ఇది చాలా తెలివైన పని. మీ కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసే మనిషికి "సర్, నాకు పద్యం ఎలా చెప్పాలో అర్థం కావడం లేదు" అని ఎవరు చెప్తారు? ఇద్దరూ ఒక్కరే అయిన బడిలో మెంటర్ ఉన్నా లేనట్టే.

*తోటివాళ్ల గుంపు.* జపాన్ టీచర్లు చాలాకాలంగా చేసే పాఠ అధ్యయనం నాకు బాగా నచ్చిన పద్ధతి. నలుగురు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు వెనక నిలబడి టీచర్‌ని కాకుండా పిల్లలను గమనిస్తారు. తర్వాత చర్చ టీచర్ బాగా చెప్పారా అన్నదాని మీద కాదు, మూడో బెంచీ పిల్ల ఎక్కడ ఆగిపోయిందన్నదాని మీద. కొత్తవాళ్లకు ఇందులో అవమానం ఉండదు, పాఠం నలుగురిదీ కాబట్టి. ఇంగ్లీష్‌కే సంబంధించింది ఇంకొకటి, 1974లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జేమ్స్ గ్రే మొదలుపెట్టిన రచనా ప్రాజెక్టు. తర్వాత అది అమెరికా అంతటా పాకింది. దాని పట్టు ఒకటే: రాయడం నేర్పేవాళ్లు తామూ రాయాలి, టీచర్లకు టీచర్లే నేర్పాలి. "మై బెస్ట్ ఫ్రెండ్" మీద పది వాక్యాలు మీరే ఒకసారి ఇరవై నిమిషాల్లో రాసి చూడండి. పిల్లలకు ఇచ్చే పని ఎంత విసుగో అప్పుడు తెలుస్తుంది.

హెడ్మాస్టర్లకు ఒక పక్కమాట

బడ్జెట్ లేదంటారు, నిజమే. ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి: కొత్త ఇంగ్లీష్ టీచర్‌కూ, పాత ఇంగ్లీష్ టీచర్‌కూ వారానికి ఒక లీజర్ పీరియడ్ ఒకేసారి వచ్చేలా టైమ్‌టేబుల్ వేయండి. ఆ పీరియడ్‌లో ఎవరు సెలవు పెట్టినా వీళ్లిద్దరినీ సబ్‌స్టిట్యూషన్‌కు పంపకండి. మొదటి భాగం అందరూ ఒప్పుకుంటారు. రెండో భాగం దగ్గరే రెండో నెలకల్లా అంతా జారిపోతుంది.

ఎవరికి ఏది

సాహిత్యం బాగా చదివి, గ్రామర్ వివరించమంటే తడబడేవాళ్లు యూనివర్సిటీ కోర్సుకు తోడు భాషా బోధన సర్టిఫికెట్ ఏదైనా చేయడం మంచిది. ఇంగ్లీష్ ధారాళంగా మాట్లాడుతూ, పిల్లల మధ్య ఎన్నడూ నిలబడనివాళ్లకు అసలు కొరత తరగతి గదే. వాళ్లు రెసిడెన్సీ చూడాలి, అది లేకపోతే ప్రాక్టీస్ టీచింగ్ ఎక్కువ వారాలున్న కోర్సు. తమ ఇంగ్లీష్ మీద తమకే నమ్మకం లేనివాళ్లు ముందు దాన్నే బాగుచేసుకోవాలి, మెథడ్ పుస్తకాలు ఎన్ని చదివినా ఆ లోటు తీరదు. అలాగని విదేశీ ఉచ్చారణ అలవరచుకోనక్కర్లేదు. తరగతిలో రోజూ వాడే సూచనలు, ప్రశ్నలు, మెచ్చుకోళ్లు తడుముకోకుండా వస్తే మొదటి ఏడాదికి సరిపోతుంది. డబ్బు అవసరం తరుముతుంటే నేరుగా ఉద్యోగం దారి పట్టండి, తప్పులేదు. కానీ అప్పుడు జీతం రెండో స్థానంలోకి వెళ్లాలి, స్టాఫ్‌రూమ్ మొదటి స్థానంలోకి రావాలి.

రెండు బళ్లు ఉద్యోగం ఇస్తామంటే ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేవన్నీ అయ్యాక "మీరేమైనా అడగాలా?" అంటారు. చాలామంది "ఏం లేదు సర్" అని లేచి వచ్చేస్తారు. లేవకండి. బడిలో ఇంగ్లీష్ చెప్పేవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎవరైనా మొదటి రెండేళ్లు నా పాఠాలు చూస్తారా అని అడగండి. నాకు ఎన్ని సెక్షన్లు, ఎన్ని వేర్వేరు తరగతులు అని అడగండి. కాంపోజిషన్లు ఎన్ని దిద్దాలన్న రూలేమైనా ఉందా, ప్రతి తప్పూ ఎర్ర పెన్నుతో దిద్దాలన్న పట్టింపు ఉందా అని కూడా. గత రెండేళ్లలో చేరిన ఇంగ్లీష్ టీచర్లు ఇప్పుడు ఎక్కడున్నారో నెమ్మదిగా, నవ్వుతూ అడగండి. వాళ్లలో ఒకరితో పది నిమిషాలు మాట్లాడనిస్తే ఆ బడి వైపు మొగ్గండి, రెండో బడి జీతం కొంచెం ఎక్కువైనా సరే.